మీ లెక్కలో మా లోకల్ బండి లేదు: అమెరికా రైలు రవాణా బోర్డుకు బహిరంగ లేఖ

సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు సభ్యులకు,
వాషింగ్టన్.

అయ్యలారా, అమ్మలారా,

తెలుగులో రాసిన ఉత్తరం మీ బల్ల మీదికి వస్తుందన్న భ్రమ నాకు లేదు. చెప్పాల్సిన సంగతి ఇంగ్లీషులో, మీరు అడిగే పద్ధతిలో, పేరాలకు నెంబర్లు వేసి ఇదివరకే ఒకసారి పంపాను. ఆ పద్ధతిలో ఇమడని మాటలు కొన్ని మిగిలిపోయాయి. పైగా ఈ దేశంలో గోదాముల్లో, లాజిస్టిక్స్ ఆఫీసుల్లో కూర్చుని నాలాగే వ్యాగన్ల కోసం ఎదురుచూసే తెలుగువాళ్లు కొందరున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే "గూడ్సు బండి లేటైతే నీకెందుకురా అంత టెన్షన్?" అని అడిగే పెద్దవాళ్లూ ఉన్నారు. మీకు రాస్తూ వాళ్లకు చదివి వినిపిస్తున్నాననుకోండి.

నేను కోళ్ల దాణా తయారుచేసే ఒక మిల్లులో రవాణా చూస్తాను. మొక్కజొన్న చుట్టుపక్కల రైతుల దగ్గర నుంచి లారీల్లో వస్తుంది. సోయా చెక్క మాత్రం దూరం నుంచి రైల్లో, మూత ఉన్న హోపర్ వ్యాగన్లలో వస్తుంది. ఒక్కో హోపర్‌లో సుమారు 100 టన్నులు. అంత సరుకు లారీల్లో తేవాలంటే నాలుగు లారీలు కావాలి. మా మిల్లు లోపలికి ఒకే ఒక రైల్వే కంపెనీ రైలు పట్టా ఉంది. రెండో కంపెనీ లేదు. అమెరికాలో నాలాంటి మిల్లులు, ఫ్యాక్టరీలు, ధాన్యం గిడ్డంగులు వేలల్లో ఉంటాయి. 1980లో స్టాగర్స్ చట్టం వచ్చి ధరల కట్టుబాట్లు సడలినప్పుడు నలభై దాకా ఉన్న పెద్ద రైల్వేలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ ఇప్పుడు ఆరయ్యాయి. ఈ సంగతి మీకు నేను చెప్పాలా!

పెద్ద రైలు మా ఊరి దాకా రాదు. దూరపు రైలు వ్యాగన్లను మాకు ఓ ముప్ఫై మైళ్ల అవతల ఉన్న యార్డులో వదిలేస్తుంది. అక్కడి నుంచి ఒక ఇంజను, ఇద్దరు మనుషులు వాటిని తెచ్చి మా పట్టా మీద పెట్టి, ఖాళీవి లాక్కుపోతారు. దీన్ని ఇక్కడ 'లోకల్' అంటారు. పెట్టడాన్ని స్పాట్ అనీ, లాక్కుపోవడాన్ని పుల్ అనీ అంటారు. వెయ్యి మైళ్లు సాఫీగా వచ్చిన సరుకు ఈ చివరి ముప్ఫై మైళ్ల దగ్గర ఐదు రోజులు ఆగిపోవచ్చు. నా ఉత్తరమంతా ఈ ముప్ఫై మైళ్ల గురించే.

2022 వసంతంలో మా లోకల్ రావాల్సిన రోజులు సోమ, బుధ, శుక్ర. అంతకు కొన్నేళ్ల ముందు వారానికి ఐదు రోజులు వచ్చేది. ఖర్చు తగ్గించే కొత్త పద్ధతి అంటూ మూడుకు కుదించారు. ఆ ఏడు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ మూడు కూడా రాలేదు. నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. సోమవారం: రాలేదు, సిబ్బంది లేరు. బుధవారం: బయలుదేరింది, దారిలో వాళ్ల పన్నెండు గంటలు అయిపోయాయి, బండి పక్క పట్టా మీద వదిలేశారు. (చట్ట ప్రకారం పన్నెండు గంటలు దాటితే డ్రైవరు బండి ముట్టుకోకూడదు. ఆ చట్టం మంచిదే. ఇంకో జంటను పంపే మనుషులు లేకపోవడమే చిక్కు.) శుక్రవారం: వచ్చింది, కానీ మా వ్యాగన్లు కాకుండా పక్క ఊరి ఎరువుల కంపెనీ వ్యాగన్లు రెండు తెచ్చింది. తర్వాతి సోమవారం ఒకేసారి పద్నాలుగు హోపర్లు యార్డుకు చేరాయి. మా పట్టా మీద తొమ్మిది పడతాయి. మిగతా ఐదూ యార్డులో ఉన్నా మాకు అందినట్టే లెక్కగట్టి, వాటి మీద రోజువారీ డెమరేజ్ (వ్యాగన్లు ఆపుకున్నందుకు వేసే రుసుము) మొదలుపెట్టారు. రాకపోతే మాకు నష్టం, అన్నీ ఒక్కసారే వస్తే మాకు జరిమానా.

ఆ మధ్య రోజుల్లో నేను చేసిందల్లా లారీలు వెతకడం. ఫోన్ ఎత్తిన ప్రతి బ్రోకరూ మామూలు రేటుకు రెట్టింపు చెప్పాడు. మా బిన్‌లో, అంటే సరుకు నిల్వ చేసే పెద్ద డబ్బాలో, సోయా చెక్క ఒకరోజు సాయంత్రానికి ఆరు గంటల పనికి సరిపడా మిగిలింది. మేనేజరు అడిగిన ప్రశ్న ఒకటే: "రేపు పొద్దున్న ఫారాలకు దాణా పంపుతామా లేదా?"

మా నాన్న అనపర్తి దగ్గర కోళ్ల ఫారం నడిపేవారు. చిన్నప్పుడు లారీ రాని రోజున ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. ఒకరోజు మేత సరిగా పడకపోతే గుడ్లు ఎన్నాళ్లు తగ్గుతాయో ఆయనకు వేళ్ల మీద లెక్క. "కోడికి ఆదివారం ఉండదురా" అనేవారు. ఆ మాట నాకు ఇంత దూరం వచ్చాక అర్థమైంది.

ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 26, 27 తేదీల్లో మీరు వాషింగ్టన్‌లో బహిరంగ విచారణ పెట్టారు. పనిచేసుకుంటూనే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ధాన్యం వాళ్లు, రసాయనాల వాళ్లు, బొగ్గు వాళ్లు, యూనియన్ల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పింది నా నోట్‌బుక్కే. అప్పటి మీ ఛైర్మన్ మార్టిన్ ఓబర్మన్ గారు ఆరేళ్లలో పెద్ద రైల్వేలు 29 శాతం మందిని, అంటే దాదాపు 45,000 మంది ఉద్యోగులను తగ్గించుకున్నాయని లెక్క చెప్పారు. (విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ వారంలోనే మన దేశంలోనూ విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చాలక, బొగ్గు రైళ్లకు దారి ఇవ్వడానికి ప్యాసింజర్ రైళ్లు రద్దు చేశారు. ఇక్కడ మనుషులు లేక, అక్కడ పట్టాలు ఖాళీ లేక.)

మే 6న మీరు ఇచ్చిన ఉత్తర్వు నాకు దాదాపు కంఠతా వచ్చు. బీఎన్‌ఎస్‌ఎఫ్, సీఎస్‌ఎక్స్, నార్ఫోక్ సదరన్, యూనియన్ పసిఫిక్ అనే నాలుగు పెద్ద రైల్వేలూ సర్వీసు బాగుచేసే ప్రణాళిక ఇవ్వాలి, వారం వారం లెక్కలు పంపాలి, రెండు వారాలకోసారి మీతో ఫోన్‌లో మాట్లాడాలి, సిబ్బంది సంఖ్య నెల నెలా చెప్పాలి. ఇచ్చిన ప్రణాళికల్లో పస లేదని జూన్‌లో మళ్లీ అడిగారు కూడా. ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది. ఒక ప్రభుత్వ సంస్థ "ఇది చాలదు, మళ్లీ రాసుకురండి" అనడం నా ఉద్యోగంలో మొదటిసారి చూశాను.

ఆ ఉత్తర్వులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న కొలత. రావాల్సిన లోకల్‌లో ఎన్ని నిజంగా వచ్చి స్పాట్, పుల్ చేశాయి? దాన్ని శాతంలో చెప్పమన్నారు. అంతకు ముందు నుంచీ మీకు వస్తున్న లెక్కల్లో అది లేదు. ఈ పాత లెక్కల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు వాటిని చూసి "రైళ్లు బాగానే నడుస్తున్నాయి కదా" అనుకుంటారు.

ప్రతి బుధవారం పెద్ద రైల్వేలు మీకు ఒక పట్టిక పంపుతాయి. అందులో మొదటి గీత రైళ్ల సగటు వేగం. ఆ వేగాన్ని ఎలా కడతారో నిర్వచనం చదివితే అందులో యార్డు బండ్లు, లోకల్ బండ్లు చేర్చరు. ఒక టెర్మినల్ (పెద్ద యార్డు) నుంచి ఇంకో టెర్మినల్‌కు నడిచే దూరపు రైళ్ల వేగమే అది. అంటే మా దగ్గరికి వచ్చే ఏకైక బండి ఆ లెక్కలోనే లేదు! పక్క పట్టా మీద రాత్రంతా నిలబడిపోయిన మా లోకల్ వల్ల ఆ సగటు చుక్క కూడా తగ్గదు. రెండో గీత టెర్మినల్లో వ్యాగన్ ఎన్ని గంటలు పడి ఉంటుందన్నది. అందులోనూ విడివిడిగా చూపేది ప్రతి రైల్వేకీ పది పెద్ద టెర్మినళ్లే. మా ముప్ఫై మైళ్ల అవతలి యార్డు ఆ పదిలో లేదు, ఎప్పటికీ ఉండదు. మూడోది లైన్ మీద ఉన్న వ్యాగన్ల మొత్తం. 48 గంటలుగా కదలని వ్యాగన్లు ఎన్నో చెప్పే లెక్క కూడా ఉంది, అది మంచిదే. కానీ అదీ మొత్తం రైల్వేకి కలిపి.

ఏటిలో సగటు లోతు మోకాలు దాకా అని చెబితే నమ్మి దిగినవాడికి జరిగేదే మాకూ జరిగింది. పట్టిక బాగుంది. బిన్ ఖాళీ.

ఇంకో చమత్కారం ఉంది. లోకల్ వచ్చిన శాతాన్ని కట్టేటప్పుడు హారం ఏది? వారానికి ఐదు రోజులు రావాల్సిన బండి మూడు రోజులే వస్తే అరవై శాతం. అదే బండిని మూడు రోజులకే షెడ్యూలు మార్చేసి మూడు రోజులూ వస్తే నూటికి నూరు. మా పరిస్థితి అంగుళం మారలేదు, మార్కులు మాత్రం నలభై పెరిగాయి. పరీక్ష పేపరు తనే రాసుకుని తనే దిద్దుకునే పిల్లాడికి ఏ మార్కులు వస్తాయో అవే. అందుకే మీరు లెక్క అడిగేటప్పుడు పాత షెడ్యూలు ఎన్ని రోజులు, కొత్తది ఎన్ని రోజులు, ఎప్పుడు మార్చారు అన్నది పక్కనే రాయించండి. ఒక్క కాలమ్ పెరుగుతుంది, అంతే.

రైల్వేలకు నా మీద కోపం రావచ్చు. "ఇన్ని లెక్కలు కట్టడానికి మనుషులెక్కడ? ఆ మనుషుల్ని బండ్ల మీద పెట్టుకోవద్దా?" అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయను. రిపోర్టు రాసేవాడు బ్రేక్ విప్పలేడన్నది నిజం. కానీ లెక్క కొత్తగా కట్టక్కర్లేదు. నా ఒక్కో వ్యాగన్ ఎక్కడుందో, ఎన్ని గంటలకు ఏ యార్డు దాటిందో, ఎప్పుడు స్పాట్ అవుతుందో వాళ్ల కంప్యూటరే నాకు చెబుతుంది. డెమరేజ్ బిల్లులో గంటలతో సహా రాస్తారు. మా దగ్గర డబ్బు వసూలు చేయడానికి పనికొచ్చే డేటా మీకు పంపడానికి బరువెలా అవుతుంది?

లెక్కలు వచ్చినంత మాత్రాన బండి కదలదన్నదీ నాకు తెలుసు. దానికి ఉదాహరణ మీ ఫైళ్లలోనే ఉంది. 2022 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఫాస్టర్ ఫామ్స్ అనే కోళ్ల కంపెనీ మొక్కజొన్న రైళ్లు అందక మీ దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. మీరు యూనియన్ పసిఫిక్‌కు అత్యవసర ఉత్తర్వు ఇచ్చి రైళ్లు నడిపించారు. అదే డిసెంబరు చివర్లో మళ్లీ అదే కంపెనీ, అదే రైల్వే, అదే మొక్కజొన్న, ఇంకో అత్యవసర ఉత్తర్వు. ఈ రెండింటి మధ్య ఆరు నెలలూ వారం రిపోర్టులు మీకు అందుతూనే ఉన్నాయి. ఆ వార్త చదివి నేను మా నాన్నకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "మరి ఆ కాగితాలు చదివేవాడు ఎవడ్రా?" అన్నారు.

ఆ ప్రశ్నే మీకూ పంపుతున్నాను, కొంచెం మర్యాదగా. కాలిఫోర్నియా వ్యాలీకి వెళ్లే మొక్కజొన్న రైళ్లు ఎన్ని, ఎన్నాళ్లు లేటు అన్నది విడిగా ఒక గీతగా ఉంటే డిసెంబరు సంగతి నవంబరులోనే కనబడేది కాదా? మొత్తం దేశానికి కలిపి చూపిన సగటులో ఒక లోయ ఎలా కనబడుతుంది?

మీ ముందరి తరం వాళ్లు ఈ దారిలో ఇదివరకు నడిచారు. 1996లో యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ కలిశాయి. ఏడాది తిరక్కుండా హ్యూస్టన్‌లో యార్డులు గొంతు దాకా నిండిపోయాయి. ఆ జామ్ టెక్సస్ దాటి పాకింది. 1997 అక్టోబరు 31న బోర్డు అత్యవసర ఉత్తర్వు ఇచ్చి, టెక్స్-మెక్స్ రైల్వేకు హ్యూస్టన్ సరుకు ఎత్తుకునే వీలిచ్చి, వారం లెక్కలు అడగడం మొదలుపెట్టింది. 1998 ఆగస్టులో అది ముగిసింది. 2014లో నార్త్ డకోటా రైతులు గోధుమలు, సోయా గిడ్డంగుల్లో పట్టక నేల మీద కుప్పలు పోసుకున్నారు. చలి, చమురు రైళ్ల రద్దీ, చాలని ఇంజన్లు, అన్నీ కలిశాయి. బోర్డు మొదట ఎరువుల లెక్క ఆరు వారాలు అడిగింది, తర్వాత ధాన్యం వ్యాగన్ల బకాయి లెక్క, అక్టోబరులో పెద్ద రైల్వేలన్నిటి నుంచీ వారం రిపోర్టు. ఫార్గోకు కూడా వెళ్లి రైతులు చెప్పింది విన్నారు. ఆ తాత్కాలిక రిపోర్టునే 2016 నవంబరులో శాశ్వతం చేశారు. ఇప్పుడు బుధవారం వచ్చే పట్టిక అదే. 2017లో సీఎస్‌ఎక్స్‌లో కొత్త బాస్ వచ్చి అంతా తిరగేసినప్పుడు ఇంకో విచారణ.

ప్రతిసారీ చేతులు కాలాకే ఆకులు. కానీ 2014 ఆకులను మీరు దాచి పెట్టారు, పారేయలేదు. అది ఈ బోర్డు చేసిన మంచి పనుల్లో ఒకటని నేను అనుకుంటాను. బాధేమిటంటే 2022లో తెచ్చిన లోకల్ కొలతకు ఆ అదృష్టం పట్టలేదు. ఆ అదనపు రిపోర్టులను కొంతకాలం పొడిగించి 2023 చివరితో ఆపేశారు. 2024 ఏప్రిల్‌లో మీరు చేసిన కొత్త నిబంధనలో ఆ కొలత మళ్లీ వచ్చింది. స్పాట్, పుల్ 85 శాతం కంటే తగ్గితే ఇంకో రైల్వేను అడిగే దారి పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ రోజు మా ఆఫీసులో డోనట్లు తెప్పించాను. 2025 జూలైలో చికాగోలోని అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది.

కోర్టుతో నాకు పేచీ లేదు. రైల్వే మార్చుకునే దారి మీద వాళ్లు చట్టం చదివి చెప్పారు. కానీ లెక్క అడగడం వేరు, రైల్వేను మార్చడం వేరు. 2014లోనూ, 2022లోనూ మీరు ఎవరి పట్టా ఎవరికీ ఇవ్వకుండానే లెక్కలు అడిగారు. ఆ అధికారం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. లోకల్ కొలతను ఆ గొడవకు ముడిపెట్టకుండా విడిగా తీసి, బుధవారం పట్టికలో శాశ్వతంగా పెట్టండి. మొత్తం రైల్వేకి కలిపి కాకుండా, లోకల్ బయలుదేరే యార్డు వారీగా. వారం వారం ప్రతి చిన్న యార్డూ అక్కర్లేదంటారా, సరే. మామూలు రోజుల్లో నెలకోసారి చాలు. ఏదైనా యార్డులో వరుసగా నాలుగు వారాలు చెడిపోతే అక్కడికి మాత్రం వారం లెక్క, కారణంతో సహా. కారణం రాసే చోట 'కస్టమర్' అని రాసేస్తే కస్టమర్ దాన్ని చూసి కాదనే వీలు ఉండాలి. నా నోట్‌బుక్‌లో "సిబ్బంది లేరు" అని ఉన్న ఒక రోజుకు వాళ్ల రికార్డులో "పరిశ్రమ సిద్ధంగా లేదు" అని ఉంది. మా గేటు ఆ రోజంతా తెరిచే ఉంది. దగ్గరుండి తీయించింది నేనే.

సిబ్బంది లెక్క గురించి కూడా ఒక మాట. మొత్తం ఉద్యోగులు ఎంతమంది అన్నది నెల నెలా వస్తుంది. మా యార్డులో లోకల్ నడిపే జంటలు ఎన్ని, సెలవులో ఉన్నవాళ్ల స్థానంలో వచ్చే రిజర్వు మనుషులు ఎంతమంది? ఆ లోకల్ డ్రైవరు పేరు నాకు తెలుసు, వాళ్ల పిల్లల పేర్లు తెలుసు. ఆ ఏడాది ఆయన మొహం చూస్తే ఫిర్యాదు చేయడానికి నోరు వచ్చేది కాదు. పండక్కి కూడా ఫోన్ పక్కన పెట్టి పడుకోలేని ఉద్యోగం. కంపెనీ మీద కోపం ఎదురుగా నిలబడ్డ మనిషి మీద చూపించేయడం తేలిక. లెక్కలు సరిగ్గా ఉంటే ఆ తప్పు చేయం.

ఇదంతా ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్ కలిసిపోతామని 2025 జూలైలో ప్రకటించాయి. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా ఒకటే రైల్వే. అవునా కాదా అన్నది తేల్చేది మీరే. కలపొద్దని నేను రాయడం లేదు. చేతులు మారే చోట్లు తగ్గితే నా వ్యాగన్లు త్వరగా రావచ్చు కూడా. కానీ 1997 హ్యూస్టన్‌ను చూసినవాళ్లు ఇంకా ఈ రంగంలో పనిచేస్తున్నారు. అప్పుడు కలవడానికి ముందు ఒక్కో యార్డు ఎలా పనిచేసేదో చెప్పే లెక్క మామూలు వాడకందారు చేతిలో లేదు.  ఈసారి ముందే, ఏ సంతకమూ పడకముందే, రెండు రైల్వేల ప్రతి యార్డుకీ కనీసం ఏడాది పాత లెక్క తీసి అందరికీ కనబడేలా పెట్టించండి. తర్వాత ఎవరు ఏం చెప్పినా పక్కన పెట్టి చూసుకోవడానికి మా దగ్గర ఒక కాగితం ఉంటుంది.

నా 2022 నోట్‌బుక్ ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. నీలం అట్ట, మధ్యలో రెండు పేజీల మీద కాఫీ ఒలికింది. తేదీ, గంట, ఎన్ని వ్యాగన్లు, ఎవరు ఏం కారణం చెప్పారు అన్నీ ఉన్నాయి. మీ సిబ్బందిలో ఎవరైనా అడిగితే స్కాన్ చేసి పంపుతాను. తెలుగులో రాసిన చోట్ల పక్కన ఇంగ్లీషు కూడా రాసి ఇస్తాను.

ఇట్లు,
మీ బుధవారం పట్టికను గురువారం పొద్దున్నే తెరిచే
ఒక దాణా మిల్లు రవాణా ప్లానర్